ఇత్తడి అతుకు

పోయినవారం కథ నా మెడ మీద కత్తి పెట్టి ఆగింది. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్పి ముందుకు వెళ్తాను.

నేను దర్జీని. బట్టలు కుట్టి ఇల్లు గడుపుతాను, మిగిలిన ప్రాణమంతా పాత డ్రిల్లు మిషన్ల మీద పెడతాను. ఆడదానికి, అందులోనూ దర్జీకి, డ్రిల్లు మిషన్లతో పనేమిటని అడగని మనిషి లేడు. జవాబు చెప్పడం మానేసి చాలాకాలమైంది. మా మేనత్త తలుపు బందుల కార్ఖానాలో వయసంతా ఒక్క మిషను ముందే నిలబడి ఇనప రేకులకు చిల్లులు వేసింది. ఆ కార్ఖానా మూతపడ్డాక ఆ మిషనును పాత ఇనుములోంచి లాక్కొచ్చి, ఒక్కొక్క భాగమే వెతికి తగిలించి, నిలబెట్టాను. చివరిదాకా దొరకనిది ఒక్కటే, దాని కాలి పెడల్. ఈ వేసవిలో అదీ దొరికింది.

ఊళ్ళో మాలాంటి పిచ్చివాళ్ళకు ఒక సంఘం ఉంది. పాత పనిముట్ల మ్యూజియంవాళ్ళు మా సంఘానికి ఒక హాలు ఇచ్చారు. ఒక్కో రకం మిషనుకు ఒక్కటే చోటు. దాని పక్కన గోడ మీద పెట్టే బోర్డు మీద ఓనరు పేరు కాదు, దాన్ని నడిపిన మనిషి పేరు రాస్తారు. ఆ షరతు పెట్టించింది నేనే. మా అత్త పేరు ఆ గోడ మీద చూడాలని నా కోరిక, దాచుకునేదేముంది? సరిగ్గా అప్పుడు మా సంఘం అధ్యక్షుడు లేచి, అలాంటి పెడల్ తన దగ్గర ఎప్పటినుంచో ఉందనీ, నాది దాన్ని చూసి చేయించిన నకిలీ అనీ అన్నాడు. ఆదివారం పొద్దున అందరి ముందూ తప్పు ఒప్పుకుంటే క్షమిస్తారట. ఒప్పుకోకపోతే సంఘంలోంచి పేరు కొట్టేస్తారట, మిషను హాలు గడప దాటనివ్వరట.

ఆ ఆదివారం ఇదే.

"పోనీ ఒక్కమాట సారీ అనేస్తే ఏం పోతుందే?" అన్నాడు మా ఆయన, నేను పెడల్‌ను పాత దుప్పటిలో చుడుతుంటే. ఆయన బస్సు కండక్టరు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా తప్పు లేకపోయినా సారీలు చెప్పి చెప్పి ఆ మాటకున్న బరువు మర్చిపోయాడు.

"నువ్వు చెప్పు. నీకు అలవాటేగా," అన్నాను.

"ఎల్లకాలం వాళ్ళతోనే తిరగాలిగా మరి. నీళ్ళలో ఉంటూ మొసలితో పెట్టుకుంటావా?"

"ఆ నీళ్ళు మొసలి ఒక్కడివేం కాదు."

మా అత్త అప్పటికే చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఇంట్లోంచి కదలమంటే మోకాళ్ళని సాకు చెప్పే మనిషి, ఆ రోజు పిలవకుండానే బయల్దేరింది. దారిపొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. నా మీద పడ్డ నిందకు కుమిలిపోతోందనుకున్నాను.

మా సంఘం కూడేది వెనకవీధిలోని ఒక గోదాములో. రేకుల కప్పు, ఎత్తయిన కిటికీలు, నూనె మరకలతో నల్లబడ్డ గచ్చు. గోడ వెంబడి మిషన్లు వరసగా నిలబడి ఉంటాయి. వాటిని చూస్తే నాకు ఎప్పుడూ మనసు నెమ్మదిస్తుంది. ఆ రోజు మాత్రం కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు నన్ను చూసి చూపు తిప్పుకున్నారు. పోయిన నెల నా చేత మనవరాలికి గౌను ఊరికే కుట్టించుకున్న పెద్దమనిషి కూడా పైకప్పు రేకులు లెక్కపెడుతూ కూర్చున్నాడు.

ఈ పిచ్చి లేనివాళ్ళకు ఒక సంగతి తెలియాలి. మిషను దొరకడం పెద్ద కష్టం కాదు. అంత ఇనుమును ఎవరూ జేబులో వేసుకుని పోలేరు కాబట్టి ఎక్కడో ఒక మూల తుప్పుపట్టి పడే ఉంటుంది. దొరకనివి దాంతోపాటు పుట్టిన చిల్లర సామాన్లు. చక్కును బిగించే కీ, బెల్టు మీది మూత, ఎంత లోతు దిగాలో ఆపే గీతల కడ్డీ, నూనె పోసే బుడ్డి మీది బుల్లి మూత. అలాంటి మూత ఒకదాని కోసం నేను ఊరూరా తిరిగి, ఎవరెవరి కాళ్ళో పట్టుకుని తెస్తే, మా ఆయన చూసి "సోడాసీసాదా?" అన్నాడు. ఆ పూట ఆయన భోజనం ఆయనే వడ్డించుకున్నాడు. అన్నిట్లోకీ కష్టం కాలి పెడల్. కాలితో నొక్కితే డ్రిల్లు కిందికి దిగుతుంది, రెండు చేతులూ పని పట్టుకోవడానికి ఖాళీగా ఉంటాయి. కార్ఖానాలు మూసేటప్పుడు మొదట ఊడదీసి పారేసేది దాన్నే.

అధ్యక్షుడు నీళ్ళ పంపులు బాగుచేసే షాపు నడుపుతాడు. మనిషి వెడల్పు, గొంతు అంతకంటే వెడల్పు. డ్రిల్లు కొసను కరిచి పట్టుకునే భాగాన్ని చక్కు అంటారు. ఈయన కూడా ఏదైనా పట్టాడంటే వదలడు కాబట్టి అందరూ చక్కన్న అంటారు, ఆయనకూ ఆ పేరంటే ఇష్టమే. మా అత్త కార్ఖానా నుంచి బయటికొచ్చిన ఇలాంటి మిషన్లు రెండే. ఒకటి నాకు దక్కింది, ఇంకొకటి ఆయనకు. నేను ఈ సంఘంలో చేరిన కొత్తలో నాకు బేరింగు ఎలా ఊడదీయాలో నేర్పింది ఆయనే. నన్ను చెల్లెమ్మా అని పిలిచిన నోటితోనే నన్ను నకిలీదాన్ని అన్నాడు. నాకు ఎక్కడ మండిందంటే అక్కడ.

బల్ల మీద రెండు పెడళ్ళూ పక్కపక్కన పెట్టారు. ఎడమవైపు నాది, కుడివైపు ఆయనది. రెండిటికీ పాత ఆకుపచ్చ రంగు. రెండిటికీ పాదం ఆనే పలక మీద జారకుండా అడ్డగీతలు. పలక నుంచి పొడుగ్గా వెళ్ళే చెయ్యికి నడుమ ఒక ఉబ్బు, ఎప్పుడో విరిగితే అతికించినట్టు. ఆ ఉబ్బు ఒకే చోట, ఒకే వంకరతో రెండిటికీ ఉంది.

"చూశారుగా," అన్నాడు చక్కన్న, అందరి వైపూ తిరిగి. "లోకంలో రెండు పెడళ్ళు ఒకేచోట విరిగి, ఒకేలా అతుక్కుంటాయా? ఒకదాన్ని చూసి ఇంకోటి పోత పోయించారని చంటిపిల్లాడికి కూడా తెలుస్తుంది. నాది ఎప్పటినుంచో మా ఇంట్లో ఉంది. చెల్లెమ్మది మొన్న వేసవిలో పుట్టుకొచ్చింది. ఇంకేం కావాలి?"

"మొదటి మాటకు ఒప్పుకుంటాను," అన్నాను. "ఒకటి తల్లి, ఒకటి పిల్ల. ఏది ఏదో తేలాలి, అంతే."

"తేలిపోయిందమ్మా. నువ్వు ఒక్కమాట అనేస్తే అందరం టీ తాగి ఇళ్ళకు పోతాం."

"టీ చల్లారనీ అన్నా. నీ వెర్నియర్ ఇలా పట్రా."

వెంట్రుకవాసి తేడాను కూడా కొలిచే చక్కన్న వెర్నియర్ అంటే మాలో అందరికీ భయభక్తులు. మఖమల్ గుడ్డలో చుట్టి, చొక్కా లోపలి జేబులో పెట్టుకుంటాడు, ఎవరినీ ముట్టనివ్వడు. నేను ముట్టుకోనన్నాను. కొలవాల్సింది ఆయనే, చదవాల్సింది ఆయనే.

"పలక మీద మొదటి అడ్డగీత నుంచి చివరి అడ్డగీత దాకా కొలువు. ముందు నాది."

కొలిచాడు. అంకె చదివాడు. మా సంఘం కార్యదర్శి, గడియారాలు బాగుచేసే ముసలాయన, దాన్ని పైకి మళ్ళీ పలికాడు. తర్వాత ఆయన పెడల్ కొలిచాడు. ఈసారి చదవడానికి కాస్త సేపు పట్టింది.

"ఎంతన్నా?"

"కొంచెం తేడా ఉంది."

"ఎటు తేడా? నీది పెద్దదా, నాది పెద్దదా?"

"నీదే పెద్దది," అన్నాడు, పళ్ళు కదపకుండా.

కుర్చీలు కిర్రుమన్నాయి. మాలో ఈ తప్పు ఒక్కసారైనా చెయ్యని మనిషి లేడు. ఏదో భాగం పోతుంది. సావాసగాడి దగ్గర ఉన్న అసలు భాగాన్ని అడిగి తెచ్చి, పోతపనివాడికిచ్చి, ఇసుకలో దాన్నే నొక్కి అచ్చు తీయించి, ఇనుము పోయిస్తాం. మెరుస్తూ వస్తుంది. ఇంటికి తెచ్చి తగిలిస్తే పట్టదు, కురచ. కరిగిన ఇనుము చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది, నూటికి ఒక పాలైనా తగ్గుతుంది. గుడ్డను తడిపి ఆరబెట్టకుండా కత్తిరిస్తే మొదటి ఉతుకులోనే బిగుతైపోయినట్టు. దర్జీగా నేను ఆ తప్పు ఎన్నడూ చెయ్యలేదు, డ్రిల్లు మిషన్ల దగ్గర మాత్రం చేశాను. ఆ కురచ భాగాలన్నీ మా అందరి ఇళ్ళల్లోనూ తలుపుకు అడ్డం పెట్టుకునే బరువులుగా పడి ఉన్నాయి.

"తల్లి కంటే పిల్ల ఎప్పుడూ కురచే," అన్నాను. "నీ పెడల్‌ను చూసి నాది పోయించి ఉంటే నాది చిన్నదవ్వాలి. ఎలా పెరిగిందన్నా? పాలు పట్టానా?"

ఎవరో నవ్వి, దగ్గులోకి దింపారు. చక్కన్న వెర్నియర్‌ను మఖమల్‌లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ చుట్టడంలోనే ఆయనకు జవాబు దొరికినట్టుంది.

"కార్ఖానావాళ్ళు రెండు సైజుల అచ్చులు వాడి ఉండచ్చు. అరిగిన అచ్చు, కొత్త అచ్చు. కొలతతో ఏదీ తేలదు."

"మరి అతుకు? అతుకు కూడా అచ్చులోనే వచ్చిందా?"

"అతుకు గురించి మాట్లాడాలంటే రంగు కింద ఏముందో చూడాలి," అన్నాడు. గొంతులో ధైర్యం మళ్ళీ వచ్చింది. "పాత రంగు గీకకూడదని నీకూ తెలుసు, నాకూ తెలుసు."

తెలుసు. మా సంఘంలో అది అన్నిటికంటే పెద్ద కట్టుబాటు. తుప్పు తీయచ్చు, నూనె పెట్టచ్చు, విరిగింది అతికించచ్చు. కార్ఖానాలో వేసిన మొదటి రంగును మాత్రం గోటితో కూడా గీకకూడదు. మిషన్ల వయసు మాకు తెలిసేది ఆ రంగును బట్టే. దాన్ని గీకినవాడిని మావాళ్ళు పెళ్ళిళ్ళకు కూడా పిలవరు. రంగు పోయిన భాగానికి హాల్లో చోటు లేదు. చక్కన్న ఈ కట్టు చాటునే ఇన్నాళ్ళూ నిశ్చింతగా కూర్చున్నాడని నాకు అప్పుడు అర్థమైంది. ఎవరూ గీకరు, కాబట్టి ఎప్పటికీ తేలదు. తేలకపోతే అధ్యక్షుడి మాటే చెల్లుతుంది.

నాకు కోపం వచ్చింది. దాని కోసం నేను ఎన్ని పాత ఇనప కొట్ల ముందు పడిగాపులు పడ్డానో, ఎంతమంది చేత పిచ్చిదాన్ననిపించుకున్నానో గుర్తొచ్చి కాదు. ఒక మనిషి మంచి కట్టును అడ్డంపెట్టుకుని అబద్ధం ఆడుతుంటే, ఆ కట్టు పెట్టిన మేమంతా నోరుమూసుకుని కూర్చున్నందుకు.

నా సంచిలోంచి కత్తెర తీశాను. గుడ్డ కత్తిరించే పెద్ద కత్తెర. దాంతో కాగితం కత్తిరించినా మా ఇంట్లో యుద్ధమే. కత్తెర రెక్క తెరిచి, మొన నా పెడల్ మీది ఉబ్బు మీద పెట్టాను.

"ఏయ్! ఏం చేస్తున్నావ్!" చక్కన్న కుర్చీ వెనక్కి పడింది.

"నాదేగా. నీదేం కాదుగా."

"దర్జీగారూ, ఆగండి," అన్నాడు కార్యదర్శి, లేచి చెయ్యి చాచి. "గీకితే దాని విలువ పోతుంది. హాల్లో చోటు కూడా పోతుంది. తొందరపడకండి."

"నకిలీదన్న పేరుతో చోటు ఉంటే ఎంత, పోతే ఎంత?"

గీకాను. ఆకుపచ్చ పొర లేచి పొట్టులా రాలింది. కత్తెర మొన కీచుమంది, నా పళ్ళు జిల్లుమన్నాయి. అంత మంచి రంగు పోతుంటే నాకు ఏడుపొచ్చింది, ఆపలేదు. గోరంత మేర గీకేసరికి కింద నుంచి పసుపు బయటపడింది. ఇంకాస్త గీకాను. కిటికీ వెలుగు పడి తళుక్కుమంది.

పోత ఇనుము విరిగితే మామూలుగా వెల్డింగు పెట్టరు, మళ్ళీ పగులుతుంది. పాతకాలం పనివాళ్ళు ఇత్తడి కరిగించి అతికేవాళ్ళు. నా పెడల్ అతుకులో ఉన్నది ఆ ఇత్తడి.

పెడల్‌ను పైకెత్తి నాలుగు వైపులా చూపించాను. తర్వాత కత్తెరను చక్కన్న ముందు బల్ల మీద పెట్టాను.

"ఇప్పుడు నీ వంతు. నీది నిజంగా విరిగి అతికిందైతే ఇత్తడి ఉంటుంది. నాదాన్ని చూసి పోయించిందైతే ఆ ఉబ్బు కూడా ఇనుమే. గీకన్నా. రంగు పోతుందని బాధా? నా రంగు పోయాక నీ రంగెందుకు?"

ఆయన కత్తెర ముట్టలేదు. గడియారాల ముసలాయన నెమ్మదిగా వచ్చి, జేబులోంచి తన సన్నని స్క్రూడ్రైవరు తీసి, "అనుమతి ఉందా?" అని ఆయన్ని అడిగాడు. చక్కన్న కిటికీ వైపు తిరిగాడు. ముసలాయన కళ్ళద్దాలు ముక్కు మీదికి లాక్కుని, ఉబ్బు మీద చిన్నగా గీకాడు. బూడిదరంగు. ఇంకోచోట గీకాడు. అదే బూడిదరంగు, ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒకే ఇనుము. రంగు కూడా పాతది కాదు, కింద తాజా ప్రైమరు వాసన వేస్తోందన్నాడు.

"విరగని చోట అతుకెందుకండీ?" అన్నాడు ముసలాయన. ఆయన వెక్కిరించలేదు, నిజంగానే అడిగాడు.

గౌను కుట్టించుకున్న పెద్దమనిషి పైకప్పు రేకులు లెక్కపెట్టడం మానేశాడు. నలుగురు లేచి బల్ల చుట్టూ మూగారు. కార్యదర్శి తన కుర్చీలోకి వెళ్ళి కూర్చుని, గొంతు సవరించుకున్నాడు. నిజం తేల్చడానికి గీకిన గీత నాశనం చేసినట్టు కాదనీ, దర్జీగారి పెడల్ అసలుదనీ, హాల్లో చోటు దర్జీగారి మిషనుదేననీ చెప్పి, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెయ్యెత్తమన్నాడు. ఒక్క చెయ్యీ లేవలేదు.

ఇక్కడితో ఆగి ఉంటే నేను మనిషిని. గెలిచాను, నా అత్త పేరు గోడెక్కుతుంది, చక్కన్న తల దించుకున్నాడు. మా ఆయనైతే అక్కడే చెంబెడు నీళ్ళు తాగి ఇంటికొచ్చేవాడు. నేను ఆగలేదు.

"ఇంకొక్కటి తేలాలి," అన్నాను. "నాదాన్ని అచ్చుకు వాడాలంటే నాది నీ చేతికి రావాలి. వేసవి నుంచి అది నా షాపులో, కత్తిరించే బల్ల కింద ఇనప్పెట్టెలో ఉంది. ఎలా వచ్చింది నీకు?"

"వదిలెయ్ చెల్లెమ్మా."

"నన్ను నకిలీదన్నప్పుడు నువ్వు వదిలేశావా?"

"నీది అసలుదే. ఒప్పుకున్నాను. అందరి ముందూ ఒప్పుకున్నాను. అధ్యక్ష పదవి కూడా వదిలేస్తాను. ఆ ఒక్కటీ అడక్కు." ఆయన గొంతు సన్నబడింది. అంత వెడల్పు మనిషి నన్ను బతిమాలుతుంటే జాలి పడాల్సింది. నాకు ఇంకా ఒళ్ళు మండింది.

"దొంగతనం చేశావా? చేయించావా? నా షాపు తాళం పగలగొట్టావా? చెప్పకపోతే ఇక్కణ్ణుంచి కదలను, నిన్నూ కదలనివ్వను."

"వాడేం దొంగతనం చెయ్యలేదే," అంది వెనకనుంచి ఒక గొంతు.

మా అత్త. గోడ వారగా కుర్చీలో కూర్చున్నదల్లా, పక్కనున్న మిషను స్తంభం పట్టుకుని లేచింది. ఆ స్తంభం పట్టుకున్న తీరు చూస్తే మోకాళ్ళ నొప్పి మనిషిలా లేదు.

"నేనే ఇచ్చాను. నువ్వు చెల్లెలింటికి వెళ్ళిన వారం. పెట్టె తాళంచెవి ఎక్కడుంటుందో నాకు తెలీదా? ఆటోలో వేసుకుని నేనే తీసుకెళ్ళి వీడి చేతిలో పెట్టాను. వారం తిరక్కముందే తిరిగి తెచ్చుకున్నాను."

గెలిచిన నోరు అంత త్వరగా ఎండుతుందని అప్పుడే తెలిసింది.

"అత్తా, నువ్వా?"

"నకలు తీయించుకుంటానన్నాడు. నకలని చెప్పే పెట్టుకుంటానని మాటిచ్చాడు. వాళ్ళమ్మ కోసం అడిగాడు, కాదనలేకపోయాను." చక్కన్న వైపు తిరిగింది. "ఒరేయ్, పొద్దుటినుంచీ చూస్తున్నాను. నీ అంతట నువ్వే చెప్తావని ఇంతదూరం వచ్చి నోరుమూసుకు కూర్చున్నాను. నా పిల్లను నలుగురిలో నకిలీదంటావా? నీకిచ్చింది నకలు చేసుకోమని రా, నాటకం ఆడమని కాదు."

"వాళ్ళమ్మకూ ఈ పెడల్‌కూ ఏం సంబంధం?" అన్నాను.

"ఆ మిషను మీద పొద్దుటి షిఫ్టు నాది. సాయంత్రం షిఫ్టు వాళ్ళమ్మది. నేను దిగితే ఆవిడ ఎక్కేది. ఒకే మిషను, ఒకే పెడల్. నువ్వు ఆ బోర్డు మీద నా ఒక్కదాని పేరే రాయిస్తున్నావు. నాకు గొంతుదాకా వచ్చింది, చెప్పలేకపోయాను."

ఇన్నేళ్ళు ఒక ఇంట్లో, ఒక కంచంలో తిన్నట్టు బతికాం. ఇంకో ఆవిడ ఉందన్న మాట ఒక్కసారి కూడా ఆ నోటి నుంచి రాలేదు. నాకు కోపం రాలేదు. భయం వేసింది.

చక్కన్న తల ఎత్తాడు. ఇందాకటి బతిమాలాట లేదు.

"అంతవరకే చెప్తే ఎలా పెద్దమ్మా? ఆ పెడల్ విరిగింది ఎవరి షిఫ్టులో? అదీ చెప్పు."

అత్త కొంగుతో మొహం తుడుచుకుని, గడ్డం పైకెత్తింది. ఆవిడ ఎవరికీ భయపడినట్టు నేను ఎన్నడూ చూడలేదు, ఆ రోజూ చూడలేదు.

"చెప్తాను. నాకు భయమేంటి? విరిగింది పొద్దుటి షిఫ్టులో. ఆ పూట ఆ మిషను ముందు ఉండాల్సింది నేను. ఉన్నది వాళ్ళమ్మ. షిఫ్టు మార్చుకుందామని ముందురోజు నేనే అడిగాను, సరేనంది. పెడల్ చెయ్యి విరిగి, దాన్ని పైకి లేపే బరువు దిమ్మ వచ్చి ఆవిడ పాదం మీద పడింది. మళ్ళీ ఆ కాలు నేల మీద సరిగ్గా ఆనలేదు. కార్ఖానావాళ్ళు పెడల్‌ను అతికించారు, ఆవిణ్ణి ఇంటికి పంపేశారు. ఆ అతుకు మీద కాలు పెట్టి నేను వయసంతా పనిచేశాను."

గడియారాల ముసలాయన కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"షిఫ్టు ఎందుకు మార్చుకున్నావ్?" అన్నాను. అడగకూడదని లోపల ఏదో చెప్తూనే ఉంది, అయినా అడిగాను.

జవాబు చక్కన్న చెప్పాడు. కేకలెయ్యలేదు. బేరింగు ఊడదీయడం నేర్పిన రోజుల్లో మాట్లాడినంత మెల్లగా మాట్లాడాడు.

"మీ అమ్మకు నొప్పులొచ్చాయి చెల్లెమ్మా. ఆస్పత్రిలో పక్కన ఉండటానికి మీ అత్త సెలవడిగితే ఇవ్వలేదు. మా అమ్మ వచ్చి, నువ్వు పోవే, నీ షిఫ్టు నేను చేస్తానంది. నువ్వు పుట్టిన పూటే మా అమ్మ కాలు పోయింది. నువ్వు ఆ మిషనును నీదని తెచ్చుకున్నావు, పెడల్ దొరికిందని ఊరంతా మిఠాయి పంచావు, బోర్డు మీద ఒక్క పేరే రాయించబోయావు. ఆ గోడ మీద మా అమ్మ పేరు చూడాలని నేను అబద్ధమాడాను, ఔను. తప్పే. ఏ శిక్షైనా వెయ్యండి." బల్ల మీద రెండు అరచేతులూ ఆనించి నా కళ్ళలోకి చూశాడు. "ఇందాక నువ్వు నన్ను అన్నీ అడిగావు. ఇప్పుడు నేను ఒక్కటి అడుగుతాను. ఆ గోడ మీది చోటు ఎవరిది?"

కార్యదర్శి నా వైపు చూశాడు. అందరూ నా వైపే చూశారు. నేను అత్త వైపు చూశాను, ఎప్పటిలా ఆవిడ నా పక్షాన ఒక్క మాట అంటుందని.

"నన్ను చూస్తావేం?" అంది అత్త. "ఇంతసేపూ నోరుందిగా. చెప్పు."